బాలనటుల రెండవ వృత్తి జీవితం: ప్రహ్లాదుడి వేషం నుంచి డబ్బింగ్ థియేటరు వరకు

1. పరిచయం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లిన యాత్రికులకు అక్కడివాళ్లు రెండు చోట్లు ప్రత్యేకంగా చెబుతారు. మొదటిది ఉగ్రస్తంభం. నరసింహుడు చీల్చుకొని వచ్చిన స్తంభం అదేనని భక్తుల విశ్వాసం. కొండ ఎక్కగల ఓపిక ఉన్నవాళ్లే అక్కడికి వెళతారు. రెండవది ప్రహ్లాదబడి. గుహలాంటి చిన్న చోటు. ప్రహ్లాదుడు చదువుకున్నది అక్కడేనని చెబుతారు. నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంతంలో పెరిగిన వాళ్లకు ప్రహ్లాదుడు పురాణ పాత్రగా కంటే ఊరి పిల్లవాడిగానే ఎక్కువ పరిచయం. పాఠశాల వార్షికోత్సవంలో ఏ నాటకం వేద్దామన్నా ముందు వచ్చే పేరు అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఊళ్లో అలాంటి నాటకానికి సాయం చేశాను. ప్రహ్లాదుడి వేషానికి ఎనిమిదేళ్ల పిల్లవాడు దొరికాడు. పద్యం ఒకసారి చెబితే పట్టేసేవాడు. నాటకం బాగా పేలింది. పక్క ఊళ్ల వాళ్లు కూడా వేయమన్నారు, వేశాం. ఆ సంవత్సరం వాడు అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేదని నాకు తెలిసింది నాటకాలన్నీ అయిపోయాకే. ముందే అడిగి ఉండవలసింది, అడగలేదు. రెండేళ్ల తరువాత వాడికి గొంతు మారింది. ఆ తరువాత వాడిని ఎవరూ నాటకానికి పిలవలేదు, మేమూ పిలవలేదు.

ఈ పాఠ్యభాగంలో మనం చదవబోయేది ఆ రెండేళ్ల తరువాత ఏమవుతుందన్న విషయమే. సినిమాలోను, టెలివిజన్‌లోను చిన్నతనంలో పేరు తెచ్చుకున్న నటులకు పెద్దయ్యాక ఎలాంటి వృత్తి జీవితం దొరుకుతుంది, అది ఏ కారణాల మీద ఆధారపడి ఉంటుంది అన్నది ప్రశ్న. ముఖ్య ఉదాహరణగా 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణిని తీసుకుందాం. ‘బాలనటులు’ అన్న మాటను పద్నాలుగేళ్లలోపు వయసులో పారితోషికానికి నటించినవాళ్లు అన్న అర్థంలో వాడుతున్నాను. ఆడపిల్లలు కూడా ఇందులోకి వస్తారు.

2. గొంతు ఎవరిది?

తెలుగులో మొదటి టాకీ కూడా ‘భక్త ప్రహ్లాద’యే. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చింది. పాత పాఠ్యపుస్తకాల్లో దాని విడుదల 1931 అని ఉంటుంది కాని, తరువాతి పరిశోధన 1932 ఫిబ్రవరి 6 అని తేల్చింది. అందులో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు. కమలాబాయి పేరు ముందున్న ‘సురభి’ని గమనించండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన కుటుంబ నాటక సమాజం అది. ఆ కుటుంబాల్లో పిల్లలకు నడక, నటన ఒకేసారి వచ్చేవంటే పెద్ద అతిశయోక్తి కాదు.

తొలి టాకీలకు నాటక సమాజాల వాళ్లే ఎందుకు కావలసి వచ్చారు? కారణం సాంకేతికమైనది. అప్పటికి నేపథ్యగానం లేదు. నటిస్తున్నప్పుడే గొంతు కూడా రికార్డు కావాలి. ప్రహ్లాదుడి వేషం వేసే పిల్లవాడు కెమెరా ముందు నిలబడి తానే పాడాలి, తానే పద్యం చదవాలి. అందుకు రంగస్థలంపై తయారైన పిల్లలు తప్ప మరొకరు పనికిరారు. అలా తయారైన పిల్లలకు సినిమా ఒక అదనపు అవకాశం మాత్రమే. సినిమా పిలవకపోతే సమాజం ఉంది, వయసుకు తగిన మరో వేషం ఉంది. ప్రహ్లాదుడు పెరిగితే నారదుడు అవుతాడు, ఆ తరువాత హిరణ్యకశిపుడు కూడా కావచ్చు. నాటక సమాజం పిల్లవాడిని పెరగనిచ్చేది.

1936లో సి. పుల్లయ్య ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అనే రెండు కథలను కలిపి దాదాపు అందరూ పిల్లలతోనే తీశారు. అందులో నటించిన కృష్ణవేణి తరువాత కథానాయిక అయ్యారు, గాయని అయ్యారు, నిర్మాత అయ్యారు. 1949లో ఆమె నిర్మించిన ‘మన దేశం’తోనే ఎన్.టి. రామారావు తెరకు పరిచయమయ్యారు. 2025 ఫిబ్రవరిలో, నూరేళ్లు నిండాక ఆమె మరణించారు. బాలనటుల చరిత్రలో ఇంత నిండైన జీవితం అరుదు. అయితే ఆమెకు పాట వచ్చునని మరచిపోకూడదు.

1940ల నాటికి నేపథ్యగానం స్థిరపడింది. ఇక పిల్లవాడికి పాట రానక్కరలేదు. ముఖం బాగుండాలి, మాట గుర్తుండాలి, చెప్పినట్టు చేయాలి. దీనివల్ల రెండు మార్పులు వచ్చాయి. ఏ ఇంటి పిల్లలకైనా సినిమా అందుబాటులోకి వచ్చింది, అది మంచిదే. కాని బాలనటుడికి తనదంటూ మిగిలేది తగ్గింది. 1963 మార్చి 29న విడుదలైన ‘లవకుశ’నే చూడండి. లవకుశులుగా నాగరాజు, సుబ్రహ్మణ్యం నటించారు. వాళ్ల పాటలు పాడింది పి. లీల, పి. సుశీల. ఊరూరా జనం ఆ పిల్లలను చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు, కాని ఆ పాటల్లోని గొంతు వాళ్లది కాదు. పైగా ఆ చిత్రం నిర్మాణం డబ్బు ఇబ్బందులతో ఏళ్ల తరబడి సాగింది. సి. పుల్లయ్య మొదలుపెట్టినదాన్ని ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేశారు. రాముడి వేషం వేసిన నటుడికి నాలుగైదేళ్లు పెద్ద లెక్క కాదు. లవకుశులకు మాత్రం బాలనటులుగా ఉండగలిగిన కాలమంతా దాదాపు అంతే. నేటికీ జనం వాళ్లను లవుడు, కుశుడు అనే తలుచుకుంటారు. ఆ ఇద్దరి అసలు పేర్లు చెప్పమంటే తరగతిలో ఒకరిద్దరికి మించి చెప్పలేరు. నేను అడిగి చూశాను.

3. రోజారమణి

ఎ.వి.ఎం. సంస్థ 1967 సంక్రాంతికి రంగుల్లో ‘భక్త ప్రహ్లాద’ను విడుదల చేసింది. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు. ప్రహ్లాదుడు రోజారమణి. ఆమె 1959 సెప్టెంబరులో మద్రాసులో పుట్టింది. అంటే సినిమా వచ్చేనాటికి ఏడేళ్లు దాటాయంతే.

ఆడపిల్ల మగపిల్లవాడి వేషం వేయడం మన రంగస్థలానికి కొత్తకాదు. ఆ వయసు పిల్లల్లో ఆడ, మగ ముఖాలకు తేడా తక్కువ. గొంతు ఎలాగూ గాయనిది. కాని నటన మాత్రం వేరెవరో అరువిచ్చేది కాదు. ఎస్.వి. రంగారావు వంటి విగ్రహం ఎదుట ఏడేళ్ల పిల్ల నిలబడి, భయపడకుండా, ఎదురు తిరగకుండా, తన మాట తాను చెప్పాలి. ప్రహ్లాదుడి పాత్రలో కష్టం అక్కడే ఉంది. భయపడితే భక్తి పోతుంది, తెగిస్తే కొడుకు పోతాడు. చూసినవాళ్లు ఆ ముఖాన్ని మరచిపోలేదు. మా ఊళ్లో టెంటులో ఆ సినిమా చూసి వచ్చిన పెద్దవాళ్లు ‘ఆ పిల్లోడు’ అనే మాట్లాడుకునేవారు. ఆడపిల్ల అని చెప్పినా నమ్మలేదు.

పాత్ర అంత గాఢంగా అతుక్కున్నాక నటికి ఏమవుతుంది? తెలుగు ప్రేక్షకుడికి ఆమె ప్రహ్లాదుడు. ఆ ముఖం మీద మరో వేషం నిలవాలంటే ప్రేక్షకుడు ముందు వేషాన్ని మరవాలి, లేదా ఆ ముఖాన్ని ఎరగని ప్రేక్షకుడు దొరకాలి. రోజారమణి విషయంలో రెండవది ముందు జరిగింది. 1972లో మలయాళంలో పి.ఎన్. మీనన్ దర్శకత్వం వహించిన ‘చెంబరత్తి’లో ఆమె ప్రధాన పాత్ర వేసింది. అక్కడ ఆమె పేరు శోభన. పేరు మారింది, భాష మారింది, ప్రేక్షకులు మారారు. మరుసటి సంవత్సరం తెలుగులో ‘కన్నెవయసు’తో కథానాయికగా వచ్చింది. తరువాత తమిళ, కన్నడ, ఒడియా చిత్రాల్లోనూ పనిచేసింది. ఒడియా నటుడు చక్రపాణిని వివాహం చేసుకుంది.

ఇంతవరకు చూస్తే ఇది ఒక మోస్తరు నటి వృత్తి జీవితం. అసలు విశేషం తరువాతిది. ఆమె డబ్బింగ్ కళాకారిణిగా స్థిరపడి వందల చిత్రాల్లో ఇతర కథానాయికలకు గొంతు ఇచ్చింది.

డబ్బింగ్ గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. చిత్రీకరణ సమయంలో కెమెరా చప్పుడు, జనం చప్పుడు ఉంటాయి. అందుకే మాటలను తరువాత ప్రత్యేక థియేటరులో, బొమ్మ చూస్తూ రికార్డు చేసేవారు. 1970ల నుంచి తెలుగు చిత్రాల్లో తెలుగు రాని కథానాయికలు పెరిగారు. వాళ్ల పెదవుల కదలికకు సరిపోయేలా, పాత్ర మనసుకు తగినట్టు, తప్పులేని తెలుగులో మాట పలికే మనిషి కావాలి. చదువుకున్న మంచి ఉచ్చారణ ఒక్కటే సరిపోదు, నటించడం తెలియాలి. నటన వచ్చినా సరిపోదు, నాలుగు భాషల పెదవుల కదలిక పట్టుకునే చెవి, కన్ను ఉండాలి. అక్షరాలు సరిగా చదవడం రాకముందే సంభాషణను వినికిడితో నేర్చుకొని చెప్పిన మనిషికి, భాషలు మారుతూ పనిచేసిన మనిషికి ఈ పని చేతికి వచ్చిన పనే. ప్రహ్లాదుడి వేషంలో ఆమెకు పేరు తెచ్చినది ముఖం. జీవితాంతం అన్నం పెట్టినది ఆ వేషం కోసం నేర్చుకున్న విద్య. బాల్యంలో వచ్చిన కీర్తిని ఆమె పెద్దతనంలోకి మోసుకుపోలేదు, నేర్పును మోసుకుపోయింది అని నా అభిప్రాయం. చిత్రమేమిటంటే, ప్రహ్లాదుడిగా పాటకు సుశీల గొంతు అరువు తెచ్చుకున్న పిల్ల పెద్దయ్యాక తన గొంతును ఇతరులకు అరువిచ్చింది.

అభ్యాసం: మీకు తెలిసిన బాలనటులలో ఒకరిని తీసుకోండి. వాళ్లకు పేరు తెచ్చిన గుణాలలో వయసుతో పోయేవి ఏవి, పోనివి ఏవి అని పది వాక్యాల్లో రాయండి. జవాబు రాసిన తరువాతే కింది భాగం చదవండి.

4. పదమూడేళ్ల వయసు

పైన చెప్పిన సంవత్సరాలను మరొకసారి చూడండి. 1959లో పుట్టిన పిల్ల 1972లో ప్రధాన పాత్ర వేసింది. అంటే పదమూడేళ్లు నిండీ నిండని వయసు. ‘చెంబరత్తి’ పిల్లల సినిమా కాదు. ఒక ఆడపిల్ల మీద జరిగిన అత్యాచారం, హత్య ఆ కథకు కేంద్రం.

ఇది ఒక్క రోజారమణి సంగతి అనుకోకండి. శ్రీదేవి 1963 ఆగస్టులో పుట్టింది. నాలుగేళ్లకే తెరమీదికి వచ్చింది. 1972లో ‘బడిపంతులు’లో ఎన్.టి. రామారావుకు మనుమరాలిగా నటించింది. 1976లో కె. బాలచందర్ ‘మూండ్రు ముడిచ్చు’లో కథానాయిక అయ్యేసరికి ఆమెకు పదమూడు. 1979లో ‘వేటగాడు’లో అదే రామారావు పక్కన నాయికగా చేసింది. తాతా మనుమరాలుగా కనిపించిన ఇద్దరు ఏడేళ్లలో నాయికా నాయకులయ్యారు. ఆయన వయసు ఏడేళ్లే పెరిగింది, ఆమె వయసును మాత్రం సినిమా ఇరవై ఏళ్లు పెంచింది. మీనా కూడా అంతే. 1980ల ఆరంభంలో తమిళంలో బాలనటి, 1990లో ‘నవయుగం’తో తెలుగు కథానాయిక. అప్పటికి పద్నాలుగేళ్లు.

ఇప్పుడు మగపిల్లలను చూడండి. మహేశ్‌బాబు 1979లో ‘నీడ’తో మొదలుపెట్టి 1990 వరకు బాలనటుడిగా చేశాడు. తరువాత ఆగిపోయి చదువుకున్నాడు. మద్రాసు లయోలా కళాశాలలో డిగ్రీ చేశాడు. కథానాయకుడిగా ‘రాజకుమారుడు’ వచ్చింది 1999లో. మధ్యలో తొమ్మిదేళ్లు. రోజారమణి కుమారుడు తరుణ్ 1990లో మణిరత్నం ‘అంజలి’లో నటించి తోటి పిల్లలతో కలిసి ఉత్తమ బాలనటుడిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. 1991లో ‘ఆదిత్య 369’లో కనిపించాడు. 2000లో ‘నువ్వే కావాలి’ వచ్చేదాకా కథానాయకుడు కాలేదు. జూనియర్ ఎన్.టి.ఆర్. 1997లో గుణశేఖర్ పిల్లలతో తీసిన ‘రామాయణం’లో రాముడు, 2001లో నాయకుడు. అతనికి విరామం తక్కువ, కాని ఉంది.

మన సీమ కథలతో పేరు తెచ్చుకున్న మరొకరిని కూడా చెప్పుకోవాలి. 2002లో వచ్చిన ‘ఇంద్ర’లో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డిగా నటించిన పిల్లవాడు తేజ సజ్జా. ఫ్యాక్షన్ సినిమాల్లో ఇలాంటి పిల్లవాడి పాత్ర తరచు కనిపిస్తుంది. నాయకుడి ఫ్లాష్‌బ్యాక్‌లో పెద్దవాళ్ల మాటలు పలికే పిల్లవాడు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు ఎలా మాట్లాడతారో ఆ సినిమాలు తీసినవాళ్లు ఎప్పుడైనా విన్నారా అని నాకు సందేహం, అది వేరే విషయం. తేజ సజ్జా మళ్లీ పెద్దవాడిగా ‘ఓ బేబీ’లో కనిపించింది 2019లో. కర్నూలు నేపథ్యంగా తీసిన ‘జాంబీ రెడ్డి’ 2021లో, ‘హనుమాన్’ 2024లో వచ్చాయి.

ఈ తేడాకు కారణం ప్రతిభ కాదు, పాత్రల లెక్క. మన వాణిజ్య చిత్రాల్లో పదమూడు నుంచి పంతొమ్మిది వయసు మధ్య మగపిల్లలకు రాసే పాత్రలు దాదాపు లేవు. నాయకుడు పెద్దవాడై ఉండాలి, కొట్టగలగాలి. అందుకే మగపిల్లవాడు ఖాళీగా ఉంటాడు. ఆ ఖాళీ బాధే. నిన్నటిదాకా ఇంటికి వచ్చి పిలిచినవాళ్లు ఈ రోజు ఫోను ఎత్తరు. కాని ఆ ఖాళీలోనే బడి ఉంది, కాలేజీ ఉంది. నాయిక మాత్రం ఎంత చిన్నదైతే అంత మంచిదని పరిశ్రమ అనుకున్న కాలంలో ఆడపిల్లకు ఖాళీ దొరకలేదు. ఆమె బాల్యం నుంచి నేరుగా చీర కట్టుకొని తెరమీదికి నడిచింది. విరామం వల్ల మగపిల్లలు అవకాశాలు పోగొట్టుకున్నారు, విరామం లేక ఆడపిల్లలు చదువు పోగొట్టుకున్నారు. ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టమని నన్నడిగితే నేను తడుముకోను. పోయిన అవకాశం మళ్లీ రావచ్చు, పోయిన పదమూడో ఏడు రాదు.

అయితే తొమ్మిదేళ్లు ఆగి తిరిగి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది సినిమా కుటుంబాల పిల్లలేనని గుర్తుంచుకోండి. మహేశ్‌బాబు తండ్రి కృష్ణ, తరుణ్ తల్లి రోజారమణి, ఎన్.టి.ఆర్. తాత గురించి చెప్పనక్కరలేదు. వాళ్లకు తలుపు మూసినా గడియ వేయలేదు. ఏ అండా లేని ఇంటి నుంచి వెళ్లిన పిల్లవాడు తిరిగి వచ్చేటప్పుడు వరుసలో చివర నిలబడవలసిందే.

5. బుల్లితెర చేసిన మార్పు

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి ప్రైవేటు ఛానళ్లు వచ్చాయి. తరువాత రోజువారీ సీరియళ్లు పెరిగాయి. సినిమాలో బాలనటుడికి పదిహేను ఇరవై రోజుల పని ఉంటే సీరియల్‌లో నెలల తరబడి ఉంటుంది. డబ్బు నెలనెలా వస్తుంది, ఇల్లు దానిమీద ఆధారపడటం మొదలవుతుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. పిల్లల సంపాదన ఇంటికి అదనపు ఆదాయంగా ఉన్నంతకాలం ‘వద్దు’ అనడం తేలిక. అదే ప్రధాన ఆదాయమైతే ‘వద్దు’ అనగలిగేవాళ్లు ఇంట్లో ఉండరు.

సీరియళ్లలో ‘లీప్’ అనే పద్ధతి ఉంది. కథను ఒక్క రాత్రిలో పదేళ్లు ముందుకు దూకిస్తారు. నిన్న రాత్రి వరకు పాత్రలో ఉన్న పిల్ల ఈ రోజు రాత్రికి ఉండదు, అదే పేరుతో పెద్దమ్మాయి ఉంటుంది. మీలో చాలామంది ‘చిన్నారి పెళ్లికూతురు’ చూసే ఉంటారు. 2008లో హిందీలో మొదలైన ‘బాలికా వధు’కు అది తెలుగు అనువాదం. బాల్యవివాహం కథ. అందులో చిన్న ఆనందిగా అవికా గోర్ నటించింది. 2010లో లీప్ వచ్చింది, పెద్ద ఆనందిగా ప్రత్యూష బెనర్జీ వచ్చింది. 1997లో పుట్టిన అవికా అప్పటికి పదమూడేళ్ల పిల్ల. 2013 డిసెంబరులో ‘ఉయ్యాల జంపాల’తో తెలుగులో కథానాయిక అయింది, పదహారేళ్లకు. బాల్యవివాహం తప్పు అని ఊరూరా చెప్పిన సీరియల్ పిల్ల అంత చిన్న వయసులో నాయిక కావడం మనవాళ్లెవరికీ వింతగా తోచలేదు. రోజారమణి కాలానికి, మన కాలానికి మధ్య మారినది మూడేళ్లు. పదమూడు పదహారైంది.

పాటల, నృత్యాల పోటీ కార్యక్రమాలు మరో రకం. పిల్లల చేత పెద్దవాళ్ల పాటలకు పెద్దవాళ్ల హావభావాలు చేయించడంపై విమర్శలు పెరిగి, 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ఛానళ్లకు సంయమనం పాటించమని సూచన ఇచ్చింది. అది సూచన మాత్రమే.

6. డబ్బు, బడి, చట్టం

1921లో చార్లీ చాప్లిన్ ‘ది కిడ్’లో నటించిన జాకీ కూగన్ ఆనాటి ప్రపంచంలో అందరికంటె పేరున్న బాలనటుడు. లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దవాడయ్యాక చూసుకుంటే దాదాపు అంతా తల్లి, మారుతండ్రి ఖర్చుచేశారు. 1938లో కోర్టుకెక్కాడు. దక్కింది సుమారు 1,26,000 డాలర్లు. ఆ గొడవ ఫలితంగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల సంపాదనలో కొంత భాగం వాళ్ల పేరున దాచాలని చట్టం చేసింది. కూగన్ తరువాతి సంగతి కూడా మన విషయానికి సంబంధించినదే. 1960లలో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ అనే టెలివిజన్ ధారావాహికలో బోడితల మామగా వచ్చి మళ్లీ పేరు తెచ్చుకున్నాడు. ఆ ముద్దు ముఖం ఎవరికీ గుర్తురాని వేషంలోనే రెండవసారి గెలిచాడు.

మన దేశంలో బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని అన్ని రంగాలలో నిషేధించింది. రెండు మినహాయింపులు ఇచ్చింది. ఒకటి బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో సాయం. రెండవది సినిమా, టెలివిజన్, ప్రకటనలు, క్రీడల వంటి వాటిలో కళాకారుడిగా పని. సర్కస్‌కు ఈ మినహాయింపు లేదు. చదువు దెబ్బతినకూడదన్నది షరతు.

2017 జూన్‌లో వచ్చిన నియమాలు ఈ షరతును వివరించాయి. పిల్లల చేత రోజుకు అయిదు గంటలకు మించి పనిచేయించరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటరాదు. బడికి దూరమయ్యేలా వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచరాదు. చిత్రీకరణ ఏ జిల్లాలో జరుగుతుందో ఆ జిల్లా మేజిస్ట్రేటు అనుమతి నిర్మాత ముందే తీసుకోవాలి. అంటే రేపు ఎవరైనా అహోబిలంలో మళ్లీ ప్రహ్లాదుడి కథ తీస్తే, హైదరాబాదులో ఎంత పెద్ద కార్యాలయం ఉన్నా నంద్యాల కలెక్టరు దగ్గరికి రావలసిందే. అయిదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యత వహించే మనిషి ఉండాలి. పిల్లల ఇష్టానికి విరుద్ధంగా ఏదీ చేయించరాదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక అది వాళ్లకు అందాలి.

నియమాలు కాగితం మీద బాగున్నాయి. అయినా ఒక చిన్న లెక్క వేసుకుందాం. పిల్లకు లక్ష రూపాయలు వస్తే 20,000 బ్యాంకులో ఉంటాయి. మిగిలిన 80,000 గురించి చట్టం ఏమీ అడగదు. తల్లిదండ్రులు మంచివాళ్లైతే అడగనక్కరలేదు. కాకపోతే కూగన్ కథే. ఇంకొకటి. డబ్బును డిపాజిట్ చేయవచ్చు, పోయిన తరగతులను డిపాజిట్ చేయలేం. సెట్‌లో ట్యూషను మాస్టారును పెడితే బడి అయిపోయినట్టు కాదు. బడి అంటే పాఠంతోపాటు తోటి పిల్లలు కూడా. మీరు దూరవిద్యలో చదువుతున్నారు కాబట్టి పుస్తకం ఒంటరిగా చదవడంలో కష్టం ఏమిటో నేను చెప్పనక్కరలేదు. పెద్దవాళ్లకే అంత కష్టమైతే తొమ్మిదేళ్ల పిల్లకు ఎంత!

అభ్యాసం: 80 శాతం సంపాదనపై తల్లిదండ్రులకు పూర్తి అధికారం ఉండటాన్ని సమర్థిస్తూ ఒక పేరా, వ్యతిరేకిస్తూ ఒక పేరా రాయండి. రెండూ రాయాలి.

7. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక తల్లి

కొన్నేళ్ల కిందట నంద్యాలలో ఆదివారం కౌన్సెలింగ్ తరగతి ముగించి బయటికి వస్తుంటే ఒక విద్యార్థిని ఆపింది. ఆళ్లగడ్డ వైపు నుంచి బస్సులో వచ్చేది. పక్కన ఆరేళ్ల కొడుకు. వాడి వీడియో ఫోనులో చూపించింది. పిల్లవాడు నిజంగా చురుకైనవాడు, మాట స్పష్టంగా ఉంది. ఒక సంస్థ వాళ్లు సీరియల్‌కు తీసుకుంటామన్నారట. ఫొటోలకు, శిక్షణకు ముందు ముప్ఫై వేలు కట్టమన్నారట.

“సార్, పంపీమంటారా, వద్దంటారా? మా ఇంటాయనేమో అవకాశం మల్లా రాదంటాడు” అంది.

పనికి పిలిచేవాళ్లు డబ్బు ఇస్తారు గాని అడగరమ్మా అన్నాను. ఆ ముప్ఫై వేలు కట్టవద్దని మాత్రం గట్టిగానే చెప్పాను. మిగతా ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వద్దనడం నాకు సులభం, నేను పోగొట్టుకునేది ఏమీ లేదు. ఆ పిల్లవాడికి నిజంగా విద్య ఉంటే? కృష్ణవేణిని ఎవరో పంపకపోతే ‘మన దేశం’ ఉండేది కాదు కదా.

చివరికి ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగాను. పని ఎక్కడ, రోజుకు ఎన్ని గంటలు అని వాళ్లు కాగితం మీద రాసి ఇస్తారా? కలెక్టరు అనుమతి చూపిస్తారా? వాడి పేరున బ్యాంకు ఖాతా నంబరు అడిగారా? వాడు వద్దన్న రోజు వెనక్కి తీసుకురావడానికి మీ ఇంట్లో అందరూ ఒప్పుకుంటారా? మొదటి మూడు ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. నాలుగవది రాసుకోలేదు. కొంచెంసేపు ఆలోచించి, “అది మా ఇంటాయన్ని అడగాల సార్” అంది.

తరువాతి ఆదివారం వచ్చింది. సంస్థవాళ్లు మొదటి ప్రశ్నకే ఫోను పెట్టేశారట. పిల్లవాడు మాత్రం తల్లి ఒళ్లో కూర్చొని, ఈ దసరాకు బడిలో ప్రహ్లాదుడి వేషం తనదేనని చెప్పాడు. పరీక్షలు ఎప్పుడని అడిగాను. దసరా సెలవులకు ముందే అయిపోతాయన్నాడు.